ఎదుటివాడు లేని బరి

బలవంతుల బాట – 9వ భాగం

కొత్తవలస స్టేషన్ బయట టీ బడ్డీ దగ్గర పొద్దున్నే ఓ కుర్రాడు ఫోన్లో బాక్సింగ్ చూస్తున్నాడు. 2024 మే నెలలో రియాద్‌లో ఉసిక్‌కీ ఫ్యూరీకీ జరిగిన హెవీవెయిట్ పోరు అది. పాతదే, మళ్లీ మళ్లీ చూస్తున్నాడు. పక్కనున్న స్నేహితుడికి వివరం చెబుతున్నాడు: లెనాక్స్ లూయిస్ తర్వాత పాతికేళ్లకు బెల్టులన్నీ ఒక్కడి నడుముకు చేరిన రాత్రి ఇదేననీ, ఫ్యూరీకి అంతదాకా ఓటమి అన్నదే లేదనీ, ఆ ఒక్క రాత్రితో ఇద్దరి జాతకాలూ మారిపోయాయనీ.

బల్ల మీద కూర్చున్న ఓ తాత ఇదంతా విని ఊరుకోలేదు.

“ఈళ్లేటి బాబూ! మన రామ్మూర్తినాయుడు ఏనుగుని రొమ్ము మీద ఎక్కించుకున్నాడు.”

“అయితే ఆయన ఎవుడ్ని పడగొట్టేడు తాతా?”

“ఆయన్తో పట్టడానికి ఎవుడొచ్చేడని పడగొడతాడ్రా?”

కుర్రాళ్లు నవ్వారు. తాత నవ్వలేదు. నేనూ నవ్వలేకపోయాను. ఈ ధారావాహిక మొదలుపెట్టిన నాటి నుంచి నా మెడకు చుట్టుకుని ఉన్న ప్రశ్నను ఆ పిల్లవాడు ఒక్క ముక్కలో అడిగేశాడు. గత భాగంలో సంక్రాంతికి మన ఊళ్లలో సంగిడి రాళ్లు ఎత్తే పోటీల గురించి చెప్పుకున్నాం కదా, ఈ వారం ఆ ప్రశ్న సంగతి చూద్దాం. కోడి రామ్మూర్తి నాయుడు ఎవరిని గెలిచాడు? ఎవరినీ గెలవకుండానే అంత పేరు ఎలా వచ్చింది? ఆ పేరులో ఏం మిగిలింది, ఏం మిగల్లేదు?

వీరఘట్టంలో పుట్టిన మనిషి. చిన్నతనంలోనే తల్లి పోయింది. విజయనగరంలో పోలీసు ఉద్యోగం చేసే బంధువు నారాయణస్వామి ఇంట పెరిగాడు. చదువు మీద కంటే తాలింఖానా మీదే మనసు. ఆ రోజుల్లో విజయనగరంలో సంగీతానికి ఎంత పేరో సాముగరిడీలకూ అంతే. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పూర్తి చేసుకుని వచ్చి, విజయనగరంలోనే పాఠశాల పిల్లలకు డ్రిల్లు నేర్పాడు. చివరికి ఆ ఉద్యోగం వదిలి సర్కస్ పెట్టాడు. ఈ మధ్య మెట్టును మన వాళ్లు గబగబా దాటేసి నేరుగా ఏనుగు దగ్గరకు వెళ్లిపోతారు. కానీ అసలు కథ ఇక్కడే ఉంది. ఆయన బరిలో దిగిన పహిల్వాన్‌గా లోకానికి తెలియలేదు. డేరా వేసి, టికెట్టు పెట్టి, వందలమంది ముందు రోజూ బలం చూపించిన మనిషిగా తెలిశాడు.

1900 ప్రాంతానికి కలకత్తా నుంచి మద్రాసు దాకా తీరం వెంట రైలు నడుస్తోంది. కొత్తవలస అప్పటికి ఆ దారిలో ఒక మామూలు స్టేషన్. కిరండూల్ వైపు లైను పడి జంక్షన్ కావడానికి, బైలదిల్లా ఇనుప రాయి ఈ దారిన విశాఖ రేవుకు దిగడానికి 1960లు రావాలి. కానీ సర్కస్ అన్నది రైలుతోనే బతికిన వ్యాపారం. జంతువులు, గుడారాలు, మనుషులు, వంటపాత్రలు అన్నీ వ్యాగన్లలోనే. రైలు లేకపోతే రామ్మూర్తి పేరు వంశధార దాటి ఉండేది కాదేమో.

రైలు ఎక్కాక మాత్రం ఆ పేరు దేశమంతా తిరిగింది. ఉత్తరాదిన, బెంగాల్లో ఆయన్ని ‘ప్రొఫెసర్ రామమూర్తి’ అన్నారు. కలియుగ భీముడనీ, ఇండియన్ హెర్క్యులీస్ అనీ, మల్లమార్తాండ అనీ బిరుదులు. గుండెకు గొలుసు చుట్టి ఊపిరి బిగించి తెంచేవాడు. భుజాలకు గొలుసులు కట్టించుకుని, కదలబోతున్న మోటారు కార్లను ఆపేవాడు. పడుకుని రొమ్ము మీద పలక వేయించుకుని ఏనుగును నడిపించేవాడు. ప్రాణాయామం, శాకాహారం, బ్రహ్మచర్యం ఇవే తన రహస్యం అనేవాడు.

ఒక్కసారి ఈ క్రియలు చూడండి. తెంచాడు, ఆపాడు, మోశాడు. ఈ మూడింటిలోనూ ఎదుటివాడు లేడు. ‘ఓడించాడు’ అనే మాట లేదు.

అలాగని ఇవి కనికట్టు అనడం లేదు. ఏనుగు బరువు రెండు మూడు టన్నులకు తక్కువ ఉండదు. పలక ఆ బరువును ఒకచోట పడకుండా పరుస్తుంది, ఏనుగు రొమ్ము మీద నిలబడదు, దాటి వెళ్తుంది. అయినా ఆ కొద్ది క్షణాలు ఊపిరి జారితే పక్కటెముకలు మిగలవు. కారు విషయంలోనూ అంతే. పరుగందుకున్న కారును ఎవడూ ఆపలేడు, కదలకముందే పట్టి ఉంచాలి. అప్పటి ఇంజన్ల శక్తి తక్కువ అంటారు కొందరు. తక్కువే. అయితే ఆ తక్కువ శక్తి ముందు నిలబడటానికి ఎందరు ముందుకొచ్చారు?

పైగా ఆ రోజుల్లో మోటారు కారు అంటే వట్టి వాహనం కాదు. అందులో తిరిగేది దొర. 1905లో బెంగాల్ విభజన జరిగింది, స్వదేశీ గాలి వీచింది. భారతీయుడు ఒంట్లో సత్తువ లేనివాడని తెల్లవాడు పుస్తకాల్లో రాస్తున్న కాలం. అలాంటప్పుడు ఒక తెలుగువాడు గొలుసు తెంచితే, దొర ఎక్కే బండిని కదలకుండా ఆపితే, గుడారంలో కూర్చున్న జనానికి ఎదుటివాడు ఎవరో చెప్పనక్కర్లేదు. నా మటుకు నాకు రామ్మూర్తి గొప్పతనం ఏనుగు కంటే ఆ గొలుసులోనే ఎక్కువ కనిపిస్తుంది.

ఇప్పుడు 1910కి వద్దాం. బలవంతుల చరిత్రలో అదో విచిత్రమైన సంవత్సరం.

జులై 4న అమెరికాలో రెనో పట్టణంలో జాక్ జాన్సన్, జిమ్ జెఫ్రీస్ తలపడ్డారు. జాన్సన్ నల్లవాడు, 1908లో సిడ్నీలో టామీ బర్న్స్‌ను కొట్టి హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. అది తెల్లవాళ్లకు మింగుడుపడలేదు. ఓటమి లేకుండా రిటైరై పొలం పనులు చూసుకుంటున్న జెఫ్రీస్‌ను బతిమాలి బరిలోకి తెచ్చారు. పదిహేనో రౌండులో జెఫ్రీస్ పడ్డాడు. ఆ రాత్రి అమెరికా నగరాల్లో అల్లర్లు చెలరేగి మనుషులు చచ్చారు. పోటీ ఫిలింను ఊరూరా నిషేధించారు. జాన్సన్ అంతకుముందే చాంపియన్. అయినా చరిత్ర అతన్ని గుర్తుపెట్టుకున్నది రెనోతోనే.

అదే ఏడాది వేసవిలో పంజాబ్ వైపు నుంచి గామా పహిల్వాన్ లండన్‌లో దిగాడు. వెంట తమ్ముడు ఇమాం బక్ష్. ఖర్చు పెట్టుకుంది శరత్ కుమార్ మిత్ర అనే బెంగాలీ జమీందారు. గామా ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు. పొట్టివాడివి, పోటీకి పనికిరావన్నారు. ఏ బరువువాళ్లయినా సరే, ముగ్గురు రండి, అరగంటలో ముగ్గురినీ పడేస్తానని గామా సవాలు విసిరాడు. మొదట ఎవరూ నమ్మలేదు. తర్వాత అమెరికా డాక్టరు బెంజమిన్ రోలర్ వచ్చాడు, రెండు పట్లలోనూ వెల్లకిలా పడ్డాడు. అక్కడితో లండన్ తలుపు తెరుచుకుంది.

సెప్టెంబరు 10న అసలు కుస్తీ. ఎదుట పోలండ్‌కు చెందిన స్టానిస్లాస్ జిబిస్కో, కొండలాంటి మనిషి. గెలిచినవాడికి 250 పౌండ్లు, ‘జాన్ బుల్’ బెల్టు. మొదటి నిమిషంలోనే గామా అతన్ని కిందికి తెచ్చాడు. ఆ తర్వాత జరిగిందాన్ని కుస్తీ అనడానికి నోరు రాదు. జిబిస్కో బోర్లా పడుకుని చాపను పట్టుకుని లేవలేదు. రెండున్నర గంటలు దాటినా అదే వరస. జనం విసిగిపోయారు. చివరికి డ్రా అన్నారు. వారం తర్వాత, 17న మళ్లీ రమ్మన్నారు. గామా వచ్చాడు. జిబిస్కో రాలేదు. బెల్టు గామాకు ఇచ్చేశారు.

గామా పేరును ప్రపంచానికి చాటిన పోరు అది. ఒక రోజు విసుగెత్తించిన డ్రా, ఒక రోజు ఎదుటివాడు రాని బరి! చూడటానికి ఏమంత బాగుండదు. కానీ అందులో తేదీ ఉంది, ఊరుంది, ఎదుట పేరున్న మనిషి ఉన్నాడు, బెల్టు ఉంది, మర్నాడు పత్రికలో వార్త ఉంది. గామా బలాన్ని ఎవరూ మన మాట మీద నమ్మనక్కర్లేదు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు గడిచాయి. 1928లో పటియాలాలో జిబిస్కో మళ్లీ వచ్చాడు. ఈసారి ఒక నిమిషం కూడా పట్టలేదు.

మరి మన రామ్మూర్తికి అలాంటి రోజు ఎందుకు రాలేదు?

వచ్చిందనే కథలు ఉన్నాయి. 1904–05లో ప్రపంచ ప్రసిద్ధుడైన జర్మన్ బలశాలి యూజిన్ శాండో మన దేశమంతా తిరిగి ప్రదర్శనలిచ్చాడు. ఆయనకు రామ్మూర్తి సవాలు విసిరాడనీ శాండో తప్పుకున్నాడనీ చెప్పుకుంటారు. నిజమైతే అదే మన రెనో. జరగని రెనో. ఇంకో కథ బెంగాలీలది, నాకు మరీ ఇష్టమైనది. భవేంద్ర మోహన్ సాహా అని కలకత్తా కుర్రాడు రామ్మూర్తి సర్కస్ చూసి పిచ్చెక్కి, ఇల్లొదిలి డేరాలో చేరాడు. తర్వాత ‘భీమ్ భవానీ’గా పేరు తెచ్చుకున్నది అతనే. సర్కస్‌తో పాటు రంగూన్, సింగపూర్, జావా తిరిగాడు. జావాలో ఒక డచ్చి మల్లుడు రామ్మూర్తిని కుస్తీకి పిలిచాడట. గురువుగారిదాకా ఎందుకు, ముందు నన్ను పడగొట్టమని శిష్యుడు బరిలోకి దూకాడట. పడగొట్టింది శిష్యుడే. కథను కథగానే తీసుకోండి. కానీ ఎవరు కల్పించినా ఎంత చక్కగా కల్పించారో చూడండి: గురువు చేతికి అందాల్సిన పోటీ శిష్యుడి చేతిలో తెగిపోయింది.

నాకు తోచిన కారణం వేరే ఉంది. గామాను సంస్థానాలు పోషించాయి. పాలు, బాదం, నెయ్యి, మాలిష్ అన్నీ రాజుగారి ఖర్చు. అతని పని కుస్తీ పట్టడం ఒక్కటే. రామ్మూర్తి ఒక సర్కస్ యజమాని. సాయంత్రం ఆట ఆడకపోతే రాత్రి పొయ్యి వెలగదు, తనది ఒక్కడిదే కాదు, డేరాలో ఉన్న అందరిదీ, ఏనుగుతో సహా. రేపు రొమ్ము మీద ఏనుగు నడుస్తుందని ఆయనకు ఈ రోజే తెలుసు. కుస్తీలో అది తెలియదు. కాలు మడతపడితే, భుజం జారితే, ఒక్కసారి వీపు నేల తగిలితే ‘కలియుగ భీముడు’ అన్న బోర్డు దించేయాల్సిందే. పందెం కాసేవాడికి ఓటమి ఒక లెక్క. దుకాణం నడిపేవాడికి అది దివాలా.

ఇది పిరికితనం అనేవాళ్లుంటే నేను ఒప్పుకోను. ఏనుగు కింద పడుకునేవాడికి పిరికితనం ఏమిటి? ఆయన ఎంచుకున్న బతుకుతెరువు అలాంటిది.

ఇంకో సంగతి కూడా మరవకూడదు. అప్పట్లో తెల్లవాడితో సమానంగా బరిలో నిలబడే అవకాశం ఎవరంటే వారికి దొరికేది కాదు. గామాకు తలుపు తెరిచిన లండనే మరుసటి ఏడాది, 1911లో, జాక్ జాన్సన్‌కు మూసేసింది. బాంబార్డియర్ వెల్స్ అనే ఇంగ్లీషువాడితో అతని పోటీని హోం మంత్రి విన్‌స్టన్ చర్చిల్ ఆపించాడు. శాంతిభద్రతలు అన్నది పైకి చెప్పిన మాట. అసలు భయం వేరు: నల్లవాడు ఇంగ్లీషువాణ్ని పడగొట్టాడన్న వార్త వలసల్లో పొక్కితే ఏమవుతుందోనని. ఆ ‘వలసల్లో’ మన వీరఘట్టమూ ఉంది, కొత్తవలసా ఉంది.

ఇక టీ బడ్డీ దగ్గర కుర్రాడి మాటకు వద్దాం. ఒక్క పోటీతో జాతకం మారుతుందన్నాడు. మారుతుంది. కానీ ఎటు మారుతుందో అప్పుడే చెప్పలేం.

1974 అక్టోబరు 30, కిన్షాసా. జార్జ్ ఫోర్‌మన్‌కు 25 ఏళ్లు, 40 పోటీల్లో ఓటమి లేదు. మహమ్మద్ అలీకి 32. వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు 1967లో బెల్టు లాగేసుకున్నారు, 1971లో ఫ్రేజియర్ చేతిలో ఓడాడు. అలీ చచ్చిపోతాడేమోనని అతని మనుషులే భయపడ్డారు. అలీ తాళ్లకు వీపు ఆనించి, మోచేతుల మధ్య ముఖం దాచుకుని, ఫోర్‌మన్‌ను కొట్టనిచ్చాడు. ఏడు రౌండ్లు. ఎనిమిదో రౌండులో అలిసిపోయిన ఫోర్‌మన్‌ను కింద పడేశాడు. ఆ పోటీ ఓడి ఉంటే అలీ ఒక మంచి బాక్సరు, మొండివాడు, నోటి దురుసువాడు. గెలిచాడు గనుక అలీ అయ్యాడు. 1980లో మద్రాసు వచ్చినప్పుడు నెహ్రూ స్టేడియం జనంతో నిండిపోయింది, ఎమ్జీఆర్ దగ్గరుండి చూశాడు. జిమ్మీ ఎల్లిస్‌తో ఆడింది ఉత్తుత్తి ఆటే. జనం చూడటానికి వచ్చింది కిన్షాసాలో గెలిచినవాణ్ని.

అందరూ చెప్పేది ఇంతవరకే. నాకు ఫోర్‌మన్ కథ ఇంకా ఎక్కువ నచ్చుతుంది. ఆ రాత్రి అతన్ని విరిచేసింది. 1977లో ఆట మానేసి చర్చిలో ప్రసంగాలు చెప్పుకున్నాడు. పదేళ్లకు లావెక్కి, గుండు గీయించుకుని తిరిగొస్తే లోకం నవ్వింది. 1994 నవంబరులో, 45 ఏళ్ల వయసులో, మైకేల్ మూరర్‌ను పదో రౌండులో పడేసి మళ్లీ చాంపియన్ అయ్యాడు. ఆ రోజు వేసుకున్నది కిన్షాసాలో ఓడిన నాటి ఎర్ర నిక్కరే. ఇరవై ఏళ్లు ఆ ఓటమిని దాచుకున్నాడన్నమాట. బస్టర్ డగ్లస్ సంగతి ఇంకోలా ఉంది. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో మైక్ టైసన్‌ను పడగొట్టి లోకాన్ని నోరెళ్లబెట్టించాడు, తొమ్మిది నెలలు తిరక్కుండా హోలీఫీల్డ్ చేతిలో మూడో రౌండులో పడ్డాడు. అతని చరిత్ర ఒక్క రాత్రి.

మన జిల్లాల్లోనూ అలాంటి ఒక్క రోజు ఉంది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 1994లో, 1995లో వరుసగా ప్రపంచ చాంపియన్. ఆ రెండు సంవత్సరాలు ఎందరికి గుర్తున్నాయి? అందరికీ గుర్తున్నది 2000 సెప్టెంబరు 19, సిడ్నీ, కాంస్యం. స్నాచ్‌లో 110, రెండో అంశంలో 130, మొత్తం 240 కిలోలు. స్వర్ణం, రజతం గెలిచినవాళ్లు ఇద్దరూ ఎత్తింది 242.5. ఆఖరి ప్రయత్నంలో ఆమె 137.5 అడిగింది, బార్ నిలవలేదు. ఆ ఆఖరి ఎత్తు మీద వాదన నేటికీ తెగలేదు. వచ్చే భాగం మొత్తం దాని గురించే, అందుకే ఇక్కడ ఆపుతున్నాను.

రామ్మూర్తి గురించి అలా వాదించుకోవడానికి మనకు ఏదీ? కిలోలు లేవు, రౌండ్లు లేవు. అందుకే కథలు పెరిగాయి. లండన్‌లో రాజుగారు చప్పట్లు కొట్టారన్నారు. స్పెయిన్‌లో ఎద్దు కొమ్ములు వంచాడన్నారు. కాలు తీసేసేటప్పుడు మత్తు వద్దని ఊపిరి బిగబట్టి పడుకున్నాడన్నారు. నాకు ఈ కథల మీద కోపం లేదు, వీటిని వింటూనే పెరిగాను. కానీ గామా పేరు కుస్తీ చరిత్ర రాసే ప్రతివాడి పుస్తకంలోనూ ఉంటుంది, రామ్మూర్తి పేరు మన బామ్మల నోట ఉంటుంది. తేడా బలంలో లేదు. ఒకరి బలానికి సాక్షిగా ఓడినవాడు ఉన్నాడు, ఇంకొకరి బలానికి సాక్షిగా చూసినవాళ్లు ఉన్నారు. చూసినవాళ్లు ఒక తరంతో పోతారు.

చివరి రోజులు కష్టంగా గడిచాయి. సంపాదించింది నిలవలేదు. కాలు పోయింది. 1942 జనవరిలో ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు, విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం నిలబెట్టారు.

తాతను మర్నాడు మళ్లీ కలిశాను. వాళ్ల తండ్రి రామ్మూర్తి సర్కస్ చూశాడట. ఎక్కడ, ఏ సంవత్సరం అని అడిగాను. “ఏటో బాబూ, ఆ టికెట్టు ముక్క మా అయ్య పెట్టెలో సేన్నాళ్లుండేది. ఇల్లు మార్సినప్పుడు పోనాది” అన్నాడు.

అలాంటి పెట్టెలు కొత్తవలస, విజయనగరం, పార్వతీపురం, వీరఘట్టం ఇళ్లల్లో ఇంకా ఉండే ఉంటాయి. సర్కస్ కరపత్రం, టికెట్టు ముక్క, పాత ఫొటో, ఎవరో రాసిన ఉత్తరం, ఏదైనా సరే, దాని మీద ఒక ఊరి పేరూ ఒక తేదీ ఉంటే పారేయకండి. ఫొటో తీసి ఈ పత్రిక చిరునామాకు పంపండి. అసలుది మీ దగ్గరే ఉంచుకోండి.